తెల్లవారితే ఆదివారం

రాజమహేంద్రవరం,
జూలై 20.

చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

గోదావరికి ఎర్రనీరు వచ్చింది. నీ ఉత్తరం అందింది. ఒక సాఫ్ట్‌వేర్ తెలుగు అనువాదం బాధ్యత నీకు అప్పజెప్పారని చదివి మీ పెద్దమ్మా నేనూ ఎంతో సంతోషించాం. ఆ తర్వాతి పేరా దగ్గర మాత్రం మనసు చివుక్కుమంది. శుక్రవారం సాయంత్రంలోగా అందరూ తమ వంతు పంపాలన్నావు. ఆరు కాగానే తలుపు మూసేశావు. డాలస్ అబ్బాయీ, లండన్‌లో ఉన్న ఆవిడా పంపలేదని, బాధ్యత తెలియని మనుషులని అందరూ చూసేలా రాశావు. ఈ విడత నుంచి వాళ్ళ పేర్లు కొట్టేశావు.

తల్లీ, తప్పు వాళ్ళది కాదు, నీది.

నువ్వు తలుపు మూసేటప్పటికి డాలస్‌లో శుక్రవారం ఉదయం ఏడున్నర. లండన్‌లో మధ్యాహ్నం ఒంటిగంటన్నర. సాయంత్రం అన్న మాటను వాళ్ళు తమ ఊరి సాయంత్రంగా చదువుకున్నారు. ఎవరైనా అలాగే చదువుకుంటారు. మెల్‌బోర్న్ అమ్మాయి చెప్పిన వేళకు పంపిందని మెచ్చుకున్నావు. ఆమెకు సాయంత్రం ఆరయ్యేసరికి నీకు మధ్యాహ్నం ఒకటిన్నరే. ఇంకా నాలుగున్నర గంటల వ్యవధి ఉందని తెలియక ఆదరాబాదరాగా ముగించి ఉంటుంది పాపం. మెల్‌బోర్న్‌లో ఆరు కొట్టాక డాలస్‌లో ఆరు కొట్టడానికి పదిహేను గంటలు పడుతుంది. నీ ఒక్క మాటలో అంత సందు ఉంది.

ఇంత కటువుగా ఎందుకు చెబుతున్నానంటే, నేను ఇదే తప్పు చేసి ఒక మనిషిని పోగొట్టుకున్నాను. 2009లో నేనొక చిన్న ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో రిలీజు పని చూసేవాణ్ణి. ఆగస్టు 15న కొత్త వెర్షన్ విడుదల చేయాలని ముచ్చటపడ్డాను. ప్యాచ్‌లన్నీ 14వ తేదీ అర్ధరాత్రిలోగా రావాలని ప్రకటించాను. ఎవరి అర్ధరాత్రో రాయలేదు. రాయాలన్న ఆలోచనే రాలేదు. మా ఇంటి గోడ గడియారం పన్నెండు కొట్టగానే కట్ట కట్టి విడుదల చేసి పడుకున్నాను. అప్పటికి బ్రెజిల్‌లోని సావో పాలోలో 14వ తేదీ మధ్యాహ్నం మూడున్నర. అక్కడి కుర్రాడొకడు పగలు ఉద్యోగం చేసుకుని, రాత్రి భోజనమయ్యాక కూర్చుని, మూడు వారాలుగా ఒక పెద్ద లోపాన్ని సరిచేస్తున్నాడు. తన ఊళ్ళో రాత్రి తొమ్మిదింటికి పని ముగించి పంపాడు. తెల్లవారుజామున అయిదున్నరకి అది నా కంట పడింది. కింద రెండే రెండు వాక్యాలు. తన ఊళ్ళో 14వ తేదీ ఇంకా మూడు గంటలు మిగిలి ఉందనీ, విడుదల అప్పుడే అయిపోయినట్టుందనీ. కోపం లేదు, నిష్ఠూరం లేదు. నేను క్షమాపణ చెప్పాను, తర్వాతి వెర్షన్‌లో అతని పని చేర్చాను కూడా. అయినా ఆ కుర్రాడు మళ్ళీ ఏదీ పంపలేదు. జీతమిచ్చే చోటైతే మనిషి మర్నాడు చచ్చినట్టు వస్తాడు. ఇష్టంతో వచ్చినవాడిని పిలిచి తేగలిగే తాడు మన దగ్గర ఉండదమ్మా.

మనకి ఈ జాగ్రత్త దానంతటది రాదు. గౌహతిలో ఎప్పుడో తెల్లారినా, ద్వారకలో ఇంకా చీకటిగా ఉన్నా దేశమంతా ఒకే గడియారం. దాని కింద పెరిగినవాళ్ళం. కానీ మన పెద్దవాళ్ళకి ఈ చిక్కు బాగా తెలుసు. మీ నాన్న పెళ్ళి శుభలేఖ ఇప్పటికీ నా బీరువాలో ఉంది. నీ ఉత్తరం చదివాక తీసి చూశాను. పసుపు రాసిన అంచు వెలిసిపోయింది గానీ అచ్చు చెక్కుచెదరలేదు. 'శనివారం రాత్రి తెల్లవారితే ఆదివారం 2.48 నిమిషాలకు' అని ఉంది. పంచాంగం ప్రకారం సూర్యోదయం దాకా శనివారమే, గడియారం ప్రకారం పన్నెండు దాటితే ఆదివారం. ఏ లెక్క పట్టుకున్న చుట్టమైనా ఒక రోజు ముందో వెనకో దిగకుండా రెండు లెక్కలూ కలిపి ఒక్క పంక్తిలో బిగించారు. దాని కింద పెళ్ళి ఏ ఊళ్ళో, ఎవరింటి దగ్గరో. పిలిచేవాడికి తెలిస్తే చాలదు, వచ్చేవాడికి సందేహం ఉండకూడదు అనుకున్న మనుషులు రాసిన పంక్తి అది.

నువ్వూ గడువు అలాగే రాయి. అర్ధరాత్రి అనే మాట వాడకు. అది ఏ తేదీకి చెందుతుందో ఒకే ఇంట్లో ఇద్దరు రెండు రకాలుగా చెబుతారు. 04/08 అని రాయకు, మనకది ఆగస్టు 4, అమెరికావాళ్ళకి ఏప్రిల్ 8. నెల పేరు అక్షరాల్లో రాయి. ఐఎస్‌టీ అని రాసి ఊరుకోకు, ఇజ్రాయెల్‌వాళ్ళూ ఐర్లండ్‌వాళ్ళూ తమ సమయాన్ని అవే మూడక్షరాలతో రాసుకుంటారు. అందరికీ ఉమ్మడిగా యూటీసీ అనే ప్రపంచ సమయం ఉంది. మనం దానికి అయిదున్నర గంటలు ముందున్నాం. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ కార్యక్రమానికి దరఖాస్తుల గడువు యూటీసీ 18 గంటలని పెడతారు. మన పిల్లలకది రాత్రి పదకొండున్నర, శాన్ ఫ్రాన్సిస్కోలో పగలు పదకొండు. నిమిషం దాటితే తీసుకోరు. అయినా మోసపోయామని ఎవరూ అనలేరు, ఎందుకంటే క్షణం ఏదో ముందే చెప్పారు. యూటీసీ కింద నీ బృందంలోని నాలుగు ఊళ్ళ సమయాలూ విడివిడిగా రాసిపెట్టు. అయిదు నిమిషాల పని.

ఇంకొంచెం మనసు పెట్టదలిస్తే 'ఎనీవేర్ ఆన్ ఎర్త్' అనే పద్ధతి ఉంది. పరిశోధన సదస్సులకు పేపర్లు పంపేవాళ్ళకి ఇది బాగా పరిచయం. యూటీసీకి పన్నెండు గంటలు వెనకబడ్డ గడియారాన్ని పట్టుకుంటారు. బేకర్, హౌలండ్ దీవులు ఆ లెక్కలోకి వస్తాయి, అక్కడ కాపురముండే మనుషులు లేరు. ఆ గడియారంలో శుక్రవారం ముగిసేదాకా గడువు ముగియదు. మనకప్పుడు శనివారం సాయంత్రం అయిదున్నర. అంటే భూమ్మీద ఏ మూలనున్నవాడికైనా తన శుక్రవారం పూర్తిగా దక్కుతుంది. నీలాంటి వాలంటీర్ల బృందానికి నాకు నచ్చేది ఇదే.

గంట సరిగా రాస్తే సరిపోదు, వ్యవధి కూడా ఇవ్వాలి. అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌లో ఏదైనా రిలీజు మీద ఓటు పెడితే కనీసం 72 గంటలు తెరిచి ఉంచడం ఆనవాయితీ. మూడు రోజులంటే ఎక్కడున్నవాడికైనా మూడు రాత్రులు. ఉద్యోగం అయ్యాక, పిల్లల్ని పడుకోబెట్టాక కూర్చునేవాడికి కూడా చదివి, ఆలోచించి, మాట చెప్పే వీలు దొరుకుతుంది. నువ్వు బుధవారం రాత్రి చెప్పి శుక్రవారం సాయంత్రానికి అడిగావు. డాలస్ అబ్బాయికి రెండు రాత్రులే దక్కాయి.

ఊళ్ళ మధ్య తేడా కూడా ఏడాది పొడవునా ఒక్కలా ఉండదు. మార్చి రెండో ఆదివారం అమెరికాలో గడియారాలు గంట ముందుకు జరుగుతాయి, నవంబరు మొదటి ఆదివారం మళ్ళీ వెనక్కి. యూరప్ మార్చి ఆఖరి ఆదివారం దాకా ఆగుతుంది. ఆ రోజుల్లో మీటింగ్ ఉంటే మళ్ళీ లెక్క చూసుకో.

ఒకటి మాత్రం మరిచిపోకు. గడువు దాటినవాడికి తర్వాతి బండి ఎప్పుడో చెప్పి ఉంచాలి. లైనక్స్ కెర్నల్‌లో కొత్త పనులు తీసుకునే కిటికీ రెండు వారాలే తెరిచి ఉంటుంది. ఆ తర్వాత దాన్ని నడిపే లైనస్ టోర్వాల్డ్స్ దాదాపు ప్రతి ఆదివారం ఒక పరీక్షా వెర్షన్ వదులుతాడు. తొమ్మిది, పది వారాలకొకసారి కిటికీ తెరుస్తారని అందరికీ తెలుసు. కాబట్టి ఆలస్యమైనవాడు అవమానపడడు, తన పని పట్టుకుని ఎదురుచూస్తాడు. అంత తెలిసి కూడా మనవాడని ఒకడి కోసం చాటుగా రెండు గంటలు ఆగితే, వేళకు పంపినవాళ్ళందరికీ అన్యాయం చేసినట్టే. పొడిగించాలంటే అందరికీ చెప్పి, అందరికీ పొడిగించు.

ఇదే మర్యాద నీకూ జరుగుతోంది, గమనించావో లేదో. గ్నోమ్ లాంటి ప్రాజెక్టుల్లో విడుదలకు కొన్ని వారాల ముందు స్ట్రింగ్ ఫ్రీజ్ ప్రకటిస్తారు. ఆ తేదీ దాటాక తెర మీది మాటల్ని ప్రోగ్రామర్లు ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. తెలుగులోకో తమిళంలోకో తెచ్చే మనిషి చేసిన పని వృథా కాకూడదని పెట్టుకున్న కట్టుబాటు అది. నీ ముఖం ఎన్నడూ చూడనివాళ్ళు నీ రాత్రి నిద్ర గురించి ఆలోచించారు.

నీ విడుదలకు ఇంకా పది రోజులు ఉందన్నావు. డాలస్ అబ్బాయికీ లండన్ ఆవిడకీ ఈ రాత్రే రాయి. పొరపాటు నీదని రాయి. బాధ్యత లేనివాళ్ళని ఎక్కడ రాశావో అక్కడే ఆ మాట వెనక్కి తీసుకో, పేర్లు మళ్ళీ చేర్చు. కొత్త గడువు ఊళ్ళతో సహా రాసి నాకొకసారి చూపించు.

ఇట్లు,
మీ పెదనాన్న.