ఉప్పురాయికి ఆరు దిక్కులు

పరమాణువులు కలిసి లోకం ఏర్పడిందని వాదించేవాళ్లకు బౌద్ధ ఆచార్యుడు వసుబంధుడు ‘వింశతిక’లో ఒక చిక్కుప్రశ్న వేశాడు. క్రీస్తుశకం నాలుగైదు శతాబ్దాల నాటి మాట అది. నాలుగు దిక్కుల నుంచి నాలుగు, పైన ఒకటి, కింద ఒకటి, ఇలా ఆరు పరమాణువులు వచ్చి ఒక పరమాణువును అంటుకున్నాయనుకోండి. తూర్పుది అంటిన చోటు, పడమటిది అంటిన చోటు వేరువేరైతే ఆ నడిమిదానికి భాగాలున్నట్టే. భాగాలున్నది పరమాణువెలా అవుతుంది? రెండు చోట్లూ ఒకటేనంటే ఏడూ ఒకే చోట ఇమిడిపోవాలి, అప్పుడు కొండ కూడా పరమాణువంతే ఉండాలి. కాబట్టి బయటి వస్తువంటూ ఏదీ లేదని, ఉన్నది విజ్ఞానమేనని ఆయన తేల్చాడు. రెండు పరమాణువులు కలిస్తే ద్వ్యణుకమని, మూడు ద్వ్యణుకాలు కలిస్తే త్ర్యణుకమని లెక్క చెప్పిన వైశేషికులకు ఇది గొంతులో వెలక్కాయ. కలయికను వాళ్లు సంయోగమనే గుణంగా ఒప్పుకున్నారు. నిరవయవాలు అసలెలా కలుస్తాయన్నది మాత్రం మిగిలిపోయింది.

వసుబంధుడు ఊహించిన ఆరుగురు ఇరుగుపొరుగులు వంటింటి ఉప్పులో అచ్చంగా ఉన్నారు. 1913లో లారెన్స్ బ్రాగ్ ఎక్స్ కిరణాల సాయంతో ఉప్పు స్ఫటికం అమరికను తేల్చాడు. అందులో ఒక్కో సోడియం అయాను చుట్టూ ఆరు క్లోరైడ్ అయాన్లు, ఒక్కో క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియంలు ఉంటాయి. నాలుగు పక్కలా, పైనా, కిందా. అయితే అవి ఒకదాన్నొకటి గోడకు గోడ ఆనించి కూర్చోలేదు. ఎదురు ఆవేశాలు కావడం వల్ల దగ్గరయ్యేకొద్దీ వాటి ఉమ్మడి స్థితిజ శక్తి తగ్గుతూ వస్తుంది. మరీ దగ్గరైతే ఎలక్ట్రాన్ మేఘాలు ఒకదాని మీదికొకటి వస్తాయి. ఒకే స్థితిలో రెండు ఎలక్ట్రాన్లు ఉండరాదన్న పౌలీ నియమం దానికి ఒప్పుకోదు, శక్తి నిట్టనిలువుగా పెరుగుతుంది. ఈ దిగుడుకూ ఆ ఎగుడుకూ మధ్య ఒక పల్లం ఉంది. ఉప్పులో ఆ పల్లం అడుగు 0.282 నానోమీటర్ల దూరంలో పడుతుంది, అయాన్లు అక్కడ నిలుస్తాయి. కలవడమంటే తాకడమని ఇరుపక్షాలూ అనుకున్నాయి, చిక్కంతా అక్కడ పుట్టింది. ఏ వైపు అంటిందని కాకుండా ఎంత దూరంలో నిలిచిందని అడిగితే వసుబంధుడి రెండు కొమ్ముల్లో ఏదీ గుచ్చుకోదు. నేటి పరమాణువుకు భాగాలున్నాయి కదా, ఆయనే గెలిచాడు కదా అంటే, ఆ మేరకు గెలిచాడు. దాని నుంచి బయటి వస్తువే లేదన్న ముగింపు మాత్రం రాదు.

ఇంతకీ ఆ పల్లం ఎవరిది? సోడియాన్ని విడిగా ఎంత పరీక్షించినా అందులో దొరకదు, క్లోరిన్‌లోనూ దొరకదు. ఆ శక్తి జంటది, అమరికది. ‘అన్నీ జంటజంటగా కూడేస్తే సరిపోతుంది, ముద్ద అన్నది వట్టి పేరు’ అని బౌద్ధుల పక్షాన ఎవరైనా అనవచ్చు. కూడుతున్నవి జంటలని ఒప్పుకున్నాక, విడి పరమాణువులు తప్ప ఇంకేమీ లేదన్న మాట అప్పటికే వదులుకున్నట్టు. పైగా జంట కూడా ఎక్కడున్నా ఒకేలా ఉండదు. ఆవిరిలో ఒక సోడియం, ఒక క్లోరిన్ జతగా ఉన్నప్పుడు వాటి మధ్య దూరం 0.236 నానోమీటర్లే. స్ఫటికంలో చేరగానే 0.282కు సాగుతుంది. ఇద్దరి మధ్య దూరాన్ని చుట్టూ ఉన్న గుంపు నిర్ణయిస్తోంది. ఉప్పుగల్లులో సోడియం క్లోరైడ్ అణువంటూ విడిగా లేదంటే రసాయనవేత్త హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు మింగుడుపడలేదు. 1927లో ‘నేచర్’ పత్రికలో దాని మీద విరుచుకుపడ్డాడు కూడా. లోకం ఆయన మాట వినలేదు.

ఇంతకన్నా గట్టి ఆక్షేపణ ఒకటుంది. స్థితిజ శక్తికి సున్నా ఎక్కడ పెట్టుకోవాలన్నది మన ఇష్టం, ఖాతాపుస్తకంలో అంకెను చూసి వస్తువుందని ఎలా నమ్మడం? సున్నా మన ఇష్టమే, తేడా మాత్రం మన ఇష్టం కాదు. 58.44 గ్రాముల ఉప్పును విడి అయాన్లుగా చెదరగొట్టాలంటే సుమారు 787 కిలోజౌళ్లు పెట్టాలి. 1919లో బోర్న్, హేబర్ చూపిన దారిలో ఆ అంకెను ప్రయోగ కొలతల నుంచే రాబట్టవచ్చు. శక్తి తగ్గితే బరువూ తగ్గుతుందన్న ఐన్‌స్టయిన్ లెక్క ప్రకారం అంత ఉప్పు తన విడి అయాన్లకంటే గ్రాములో వందకోట్ల వంతుల్లో దాదాపు తొమ్మిది వంతులు తేలిక. వట్టి పేరుకు బరువు తగ్గదు.

అలాగని వైశేషిక దర్శనానికి మూలపురుషుడైన కణాదుడికి క్వాంటం సిద్ధాంతం ముందే తెలుసని చంకలు గుద్దుకోవడం నాకు నచ్చదు. పరమాణువు నిత్యమని, నిరవయవమని వైశేషికులన్నది తప్పు. సంయోగం ఒక్కరిలో కాక ఇద్దరిలోనూ ఉంటుందన్న వాళ్ల చూపు మాత్రం ఇప్పటికీ పనికొస్తుంది. పదిహేడో శతాబ్దంలో మన తెలుగువాడు అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’లో ఇరవైనాలుగు గుణాల పట్టీలో సంయోగంతోపాటు స్నేహాన్నీ చేర్చాడు. పిండిని ముద్దగా పట్టి ఉంచే గుణానికి ఆయన వాడిన పేరు అది. అది నీటికే ఉందన్నాడు. ఉప్పురాయి పట్టు విడవకుండా నిలవడానికి నీటిచుక్క అక్కర్లేదు. నీళ్లలో వేస్తే ఆ పట్టే విడిపోతుంది.