సారు కన్నా బండంటేనే భయం

పేరు ముందే ‘స్టేషన్’ పెట్టుకున్న ఊరు ఘన్‌పూర్. సికింద్రాబాద్ నుంచి నిజాం రైలు పట్టాలు ఈ ఊరి మీదుగా 1886లో వరంగల్ చేరాయి. ఆ పట్టాల వెంట నడవడమే ఉద్యోగమైన ఇద్దరి మధ్య ఊహించి రాసిన సంవాదం ఇది. మామ కీమ్యాన్‌గా చేసి రిటైరయ్యాడు. అల్లుడు డిగ్రీ చదివి ట్రాక్‌మ్యాన్‌గా చేరి, ఇప్పుడు అదే కీమ్యాన్ డ్యూటీ చేస్తున్నాడు.

అల్లుడు: మా ఇంజనీరు సారు నాకు సమజైతలేడు మామా. ఆయన ట్రాలీ దూరంగ కనబడ్డదంటే గ్యాంగంత గుండీలు సర్దుకుంటది. అసొంటి మనిషి మొన్న తిడతడనుకున్న కాడ తిట్టలే, తిట్టడనుకున్న కాడ తిట్టిండు.

మామ: ఏం జేసినవ్?

అల్లుడు: పొద్దుగాల మంచుల నడుస్తున్న. పట్టా మీద అడ్డంగ సన్నటి గీత కనబడ్డది. చలికి పట్టా ముడుచుకొని వెల్డింగు కాడ విరుగుతదని ట్రైనింగుల చెప్పిండ్రు గద. చెయ్యితోని తుడిస్తే పోలే. ఎర్రజెండా పెట్టి, ఉరికి, బండి ఎక్కితే పేలే పటాకాలు పట్టాకు కట్టి బండి ఆపిన. తీరా సూస్తే అది తుప్పు గీత. బండి లేటు. ఇగ సస్పెన్షనే అన్నరు అందరు.

మామ: సారు ఏమన్నడు?

అల్లుడు: కింద కూసొని, ఒక కన్ను మూసి పట్టా పొడుగునా చూసిండు. గీతను గోరుతోని గీకిండు. “ఆపుడే కరెక్టు. రేపు గిట్లనే కనబడితే రేపు గూడ ఆపు” అన్నడు. అక్కడి నుంచి పటాకాల కాడికి పోయి ఒర్రుడు షురూ జేసిండు. 600 మీటర్ల కాడ ఒకటి, 1200 మీటర్ల కాడ పదేసి మీటర్ల ఎడంతోని మూడు పెట్టాలె. నేను ఆ మూడింటిని దగ్గర దగ్గర పెట్టిన. దానికి గ్యాంగు ముందల ఇజ్జత్ తీసిండు.

మామ: సమజ్ కానిదేముంది? కండ్లు మోసపోవచ్చు, అది నీ చేతుల లేదు. పటాకా ఎంత దూరంల పెట్టాల్నో నీ చేతుల ఉన్నది. చేతుల ఉన్నదానికే తిట్టిండు.

అల్లుడు: ఆ దినం సంది నన్ను పేరు పెట్టి పిలుస్తుండు. అంతకు ముందు ‘ఏయ్’ అనేటోడు. ఏడాది పొడుగు టైముకు పోయిన, నమస్తే పెట్టిన, సెలవు అడగలే. గవి కనబడలే. ఉత్తగ బండి ఆపితే మర్యాద దొరికింది!

మామ: నమస్తే అందరు పెడతరు. అండ్ల నువ్వు ఏడ కనబడతవ్? ఆ పొద్దు నీకు రెండు భయాలు. ఆపితే సారు ఏమంటడో, ఆపకపోతే బండి ఏమైతదో. నువ్వు సారు కన్నా బండికే ఎక్కువ భయపడ్డవ్. అందరు తనకే భయపడుతుంటే, తనకన్నా పెద్దదానికి భయపడేటోడు ఒక్కడు దొరికిండు. వాన్ని నమ్మక ఎవర్ని నమ్ముతడు?

అల్లుడు: అంటే భయపెట్టుడు మంచిదేనంటవా?

మామ: భయం లేకపోతే పని నడుస్తదా?

అల్లుడు: ఇక్కడ నేను ఒప్పుకోను మామా. నాసొంటోడే ఇంకొకడు అదే గీత చూసి, సారు మొఖం యాదికొచ్చి, ‘తుప్పే అయ్యుంటది’ అనుకొని ముందటికి పోయిండనుకో. వాని సంగతి ఎన్నడు బయటికి రాదు. ఆపినోడే లెక్కకొస్తడు, ఆపనోడు రాడు. తన ఒర్రుడుతోనే పని బాగైందని సారు అనుకుంటడు. ఆ ఒర్రుడుకు గొంతులనే ఆగిపోయిన మాటలు ఆయన చెవిన పడయి గద, ఎట్ల తెలుస్తది?

మామ: గది నిజమే. మా జమానాల ఒక క్లిప్పు ఊడిందని చెప్పనీకి గూడ గ్యాంగు మేటు వెనక దాక్కునేటోళ్లు.

అల్లుడు: టయోటా ఫ్యాక్టరీల లైను పక్కన తాడు ఉండేది, ఆండాన్ తాడు అంటరు. లోపం కనబడితే ఏ పనోడైనా గుంజచ్చు. లీడరు ఉరికొస్తడు, కావాలంటే లైనే ఆగుతది. తాడు గుంజుడు అక్కడ పనిల ఒక పని. మన కాడ జెండా ఇస్తరు, ఎత్తే గుండె మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలె.

మామ: పైనోడు తప్పు నెత్తిన ఏసుకుంటే కిందోనికి ఆ గుండె వస్తది. 1956 సెప్టెంబర్ల మహబూబ్‌నగర్ కాడ వంతెన కూలి రైలు పడ్డది. వందకు పైన జనం సచ్చిపోయిండ్రు. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తనంటే నెహ్రూ ఒప్పుకోలే. నవంబర్ల మద్రాసు రాష్ట్రంల అరియలూరు కాడ ఇంకో బండి పడ్డది. ఈసారి ఆగలే, దిగిపోయిండు.

అల్లుడు: మంత్రి దిగిపోతే పట్టాలు బాగుపడతయా?

మామ: పడయి. గని కిందోన్ని బలిచ్చి పైనోడు తప్పించుకోడన్న భరోసా ఉంటది. బండి లేటైందని మీ సారు రాసిన రిపోర్టుల ఎవరి పేరున్నది?

అల్లుడు: “అనుమానం వచ్చి ఆపినం” అని రాసిండట. నా పేరు లేదు.

మామ: ‘ఆపినం’ అని రాసినోనికి, ఇప్పుడు నాకు చెప్పిన మాట చెప్పినవా?

అల్లుడు: ఏ మాట?

మామ: ఆపనోడు లెక్కకు రాడన్న మాట. “నువ్వు ఒర్రితే మాటలు ఆగుతున్నయి సారూ” అని.

అల్లుడు: అమ్మో! తిట్టడా?

మామ: తిడతడు. తిట్టినంక ఆలోచన జేస్తడు. గ్యాంగుల ఇంకెవరు చెప్పినా ఆ ఆలోచన గూడ జెయ్యడు. మర్యాద దొరికిందని దాసుకుంటే ఏమొస్తది, ఖర్చు పెట్టు. నీ అంత గుండె లేని పిలగాడు గూడ గీత కనబడంగనే జెండా ఎత్తేటట్టు జేసినవనుకో, అప్పుడు ఆ మర్యాద అక్కరకొచ్చినట్టు.

అల్లుడు: ఆయన ఇనకపోతే?

మామ: నీ పేరు పోయి మళ్ల ‘ఏయ్’ అయితది. ఏడాది ‘ఏయ్’తోనే పని జేసినవ్ గద, ఇంకో ఏడాది జేస్తవ్.