మెరుగైన గది, ప్రహ్లాదుని జవాబు

తరచుగా బస చేసే అతిథికి అదనపు సొమ్ము తీసుకోకుండా పై తరగతి గది ఇవ్వడం, అంటే వాడుకలో రూమ్ అప్‌గ్రేడ్, పెద్ద హోటళ్లలో లెక్క ప్రకారం నడిచే వ్యవహారం. 1983లోనే ఇటువంటి సభ్యత్వ పథకాన్ని మొదలుపెట్టిన మారియట్ సంస్థ 2019 నుంచి బాన్‌వాయ్ పేరుతో నడుపుతున్న పథకంలో, ఏడాదిలో 50 రాత్రులు గడిపినవారికి ప్లాటినం హోదా దక్కుతుంది. ఆ హోదాకు గడువు ఉంటుంది కనుక రాత్రుల లెక్కను మళ్లీ మొదటి నుంచి కూడబెట్టుకోవాలి. పుణ్యం ఖర్చయిపోగానే స్వర్గవాసి మర్త్యలోకానికి దిగిరాక తప్పదని భగవద్గీత తొమ్మిదవ అధ్యాయం చెప్పినది ఇంచుమించు ఈ లెక్కనే.

మోక్షంలోనూ శాస్త్రం తరగతులు చెప్పింది. భగవంతుని లోకంలో నివసించడం సాలోక్యం, ఆయన చెంత ఉండడం సామీప్యం, ఆయన రూపాన్ని పొందడం సారూప్యం, ఆయనలో లీనం కావడం సాయుజ్యం. అయితే నిజమైన భక్తులు వీటిని ఇవ్వజూపినా పుచ్చుకోరని, వారికి సేవ ఒక్కటే కావాలని, భాగవతం తృతీయ స్కంధంలో కపిలుడు తల్లి దేవహూతికి బోధించాడు.

మరి కోరికతో దేవుణ్ణి కొలిచేవారి మాటేమిటి? పెద్దపల్లి జిల్లా సుల్తానాబాద్ ప్రాంతపు భక్తులకు వేములవాడ రాజన్న, ధర్మపురి నరసింహస్వామి ఇంటి దేవుళ్లవంటివారు. కోరిక తీరితే కోడెను పట్టుకొని గుడి చుట్టూ ప్రదక్షిణ చేయించి స్వామికి కట్టే వేములవాడ కోడె మొక్కును బేరమని కొట్టిపారేయడం తొందరపాటే అవుతుంది. ఫలం కోరి కొలిచే అర్థార్థిని కూడా గీత ఉదారుల్లోనే చేర్చింది, పైగా మొక్కు తీర్చుకున్నవాడు బాకీ తీరిందనుకుంటాడే గాని దేవుని దగ్గర తన హోదా పెరిగిందనుకోడు. పెద్ద విరాళమిచ్చిన దాతలకు తిరుమలలో ప్రత్యేక వసతి కల్పించడం పాలకమండలి ఏర్పాటు మాత్రమే, దానిని భక్తితో ముడిపెట్టనక్కరలేదు.

ధర్మపురి కవి శేషప్ప తన నరసింహ శతకంలో, మరణకాలంలో కఫం గొంతును కమ్మి నామం పలకనీయదేమోనన్న భయంతో, నాటి స్మరణను ఇప్పుడే చేస్తున్నానని స్వామికి విన్నవించుకున్నాడు. ఇదీ ఒక విధంగా ముందస్తు జమే, కాని అందులో ఉన్నది హక్కు కాదు, తన శక్తిమీద అపనమ్మకం.

భక్తి బేరం కాదన్న విషయాన్ని అందరికంటే నిక్కచ్చిగా చెప్పినవాడు ప్రహ్లాదుడు. హిరణ్యకశిపుని వధించిన నరసింహుడు వరం కోరుకొమ్మన్నప్పుడు, సేవకు ప్రతిఫలం ఆశించేవాడు భృత్యుడు కాడు, వర్తకుడేనని ఆ బాలుడు బదులిచ్చాడు. అంతటితో ఆగక, తన ఆధిపత్యాన్ని నిలుపుకోవడానికి సేవకునికి వరాలిచ్చేవాడు ప్రభువూ కాడన్నాడు. సభ్యత్వ పథకాలకు ఈ రెండో మాట మరీ చక్కగా అతుకుతుంది, ఎందుకంటే అక్కడ అతిథి లాభం చూసుకొని వస్తాడు, సంస్థ అతడు మరో చోటికి పోకుండా గదినిస్తుంది. ఇద్దరికీ లోపం లేని వ్యాపారమే అది, దానిని లాయల్టీ, అంటే విధేయత, అని పిలవడమే కొంచెం అతిశయోక్తి.

అయినా ఏదో ఒకటి అడగక తప్పనప్పుడు, కోరికలు తన హృదయంలో మొలకెత్తకుండా చూడమన్నాడు ప్రహ్లాదుడు. ఆ పిమ్మట, హరిని ద్వేషించి తనను హింసించిన తండ్రి పాపవిముక్తుడు కావాలని కోరుకున్నాడు. అతని తండ్రి ఒక్కడే కాదు, ఇరవై ఒక్క తరాల పితరులు పవిత్రులయ్యారని నరసింహుడు సెలవిచ్చాడు.