సారథి రాకముందే గుఱ్ఱములు

సర్పవరమున వెలసిన భావనారాయణస్వామి దర్శనమునకై మాఘమాసములో ఒక ఆదివారము మేము సామర్లకోటలో రైలు దిగి, కాకినాడ బండికై వేచియుంటిమి. పదునాలుగేండ్ల మా మనుమడు సెల్‌ఫోను ఆటలో మునిగియుండెను. బండి వచ్చినది. మూడుమారులు పిలిచినను తల ఎత్తలేదు. ఫోను తీసికొనబోగా నా చేతిని విసరికొట్టెను. బండి కదలిన పిమ్మట వాడే వెక్కివెక్కి ఏడ్చుచు, “కావాలని చేయలేదు తాతయ్యా” అనెను.

ఆ మాట తప్పించుకొనుటకు పలికినదా, సత్యమా? సత్యమైనచో దోషమెవరిది?

కఠోపనిషత్తు దేహమును రథముగను, ఇంద్రియములను గుఱ్ఱములుగను, మనస్సును పగ్గములుగను, బుద్ధిని సారథిగను చెప్పినది. నేటి శాస్త్రజ్ఞులు మెదడును గూర్చి చెప్పునదియు దీనికి దూరము కాదు. సుఖమునకై ఉవ్విళ్ళూరు భాగములు కౌమారమున ముందుగనే చురుకందును. ఫలితమును తూచి “ఇక చాలు” అనవలసిన నుదుటి వెనుకటి భాగము సుమారు ఇరువదియైదేండ్ల వరకు పక్వమగుచునే యుండును. గుఱ్ఱములు వచ్చినవి, సారథి ఇంకను దారిలో నున్నాడు. వీడియో ఆట ఆడునప్పుడు పెద్దవయసు పురుషుల మెదడులలోనే డోపమిన్ అను రసాయనము విడుదలయగుటను 1998లో లండన్ పరిశోధకులు కనుగొనిరి. ఇక ఆన్‌లైన్ ఆటకు అంతమే లేదు. బహుమతి ఎప్పుడు వచ్చునో తెలియదు. మధ్యలో లేచినచో జట్టులోని స్నేహితులు నిష్ఠూరమాడుదురు. పిల్లవాడు లేచుటెట్లు?

ఆడు ప్రతి బాలుడును రోగి యని భయపడరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి వ్యాధుల పట్టికలో, 2022 జనవరి 1 నుండి అమలైన దానిలో, ఆటల వ్యసనము చేరినది. అదుపు తప్పుట, అన్నిటికంటె ఆటయే ముఖ్యమగుట, కీడు కలిగినను మానలేకపోవుట సాధారణముగా ఏడాదిపాటు కనిపించిననే ఆ పేరు పెట్టుదురు. అట్టివారి మెదడు చిత్రములలోని తేడాలు ఆటవలన కలిగినవో, ముందే యుండి ఆటవైపు లాగినవో ఇంకను తేలలేదు. నిద్ర చెడినదని తెలియుటకు మాత్రము ఏ చిత్రమును అక్కరలేదు. తెల్లవారి వాని కన్నులే చెప్పును.

ధర్మరాజు బాలుడు కాడు, ధర్మమెరిగినవాడు. అయినను పాచికల యెదుటనుండి లేవలేకపోయెను. పోయినదంతయు తిరిగి దక్కిన పిదప, మరల పిలువగనే మరల కూర్చుండెను. ఆ సభలో నన్ను ఎక్కువ కలచువారు చుట్టునున్న పెద్దలు. విదురుడు వారించెను, ధృతరాష్ట్రుడు గెలిచితిమా యని ఆత్రముతో అడుగుచుండెను. డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రము 2020లోను, కేంద్రము 2025లోను చట్టముచే నిషేధించినవి. పందెము లేని ఆటకు ఆ నిషేధము లేదు. అచ్చట విదురుడు ఇంటిలోనే యుండవలెను.

మా ఇంటి విదురుడు ఏమి చేసెను? 2020లో కరోనావలన బడులు మూతపడగా, నా భాగవత పారాయణమునకు అడ్డు తగులకుండునని ఎనిమిదేండ్ల వాని చేతికి ఫోను ఇచ్చినది నేనే. గంట గడచినను అడుగలేదు. ఇంటిలోని నిశ్శబ్దము హాయిగా నుండెను. వానికి దోషమే లేదనను. ఏడ్చినాడనగా సారథి కొంత దూరము వచ్చియే యున్నాడు. కాని వాడు కావాలని చేయలేదు. నేను కావాలనియే చేసితిని.

ఇప్పుడు రాత్రి తొమ్మిదింటికి ఇంటి ఫోనులన్నియు దేవుని గూటి క్రింది పెట్టెలోనికి పోవును. మొదటి వారము వాడు అలిగి అన్నము మానెను. రెండవ వారము, ఏకాదశి ఘడియలు చూచుటకని పెట్టె తెరచినది నేను. వాడు గుమ్మములో నిలబడి చూచి, ఏమియు అనక, చేయి చాచెను. ఫోను వాని చేతిలో పెట్టితిని. తిరిగి పెట్టెలో వేసి మూత మూసినది వాడే.