ఆ రాత్రి ఆమె ఏడవలేదు

మా రంగస్థల కళల శాఖ ఏడాదికోసారి నాలుగు పేజీల వార్తాలేఖ తెస్తుంది. ఎవరికి ఏ పోటీలో బహుమతి వచ్చింది, ఎక్కడ వర్క్‌షాపు జరిగింది, చివరి సెమిస్టర్ పిల్లలు ఏ నాటకాలు వేశారు – ఇలాంటివే అందులో ఉంటాయి. మూడేళ్ల కిందటి సంచికలో మొదటి పేజీ వార్త నేనే రాశాను. ‘ప్రేక్షకులు కంటతడి పెట్టారు’ అని అందులో ఒక వాక్యం ఉంది. పైన ఫోటో. ఎర్రటి వెలుగులో జుట్టు విరబోసుకుని, నేలమీద కూలబడి ఏడుస్తున్న స్త్రీ. ఆ వాక్యం అబద్ధం కాదు. ఆ ఫోటో కూడా ఎవరూ కల్పించింది కాదు. అయినా ఆ రెండూ అప్పట్నించీ నన్ను వదలడం లేదు.

ఆ ఏడు పిల్లలు ఎవరో రాసిపెట్టిన నాటకం వద్దన్నారు. మన చుట్టూ ఉన్నవాళ్ల జీవితాల్లోంచి మేమే తయారుచేసుకుంటామన్నారు. నాకు చాలా సంతోషం వేసింది. స్త్రీల అనుభవాలు స్త్రీల నోటనే వినాలని ఎన్నేళ్లుగానో అంటున్నదాన్ని కదా. హాస్టల్ మెస్సులో కాంట్రాక్టు మీద పనిచేసే ఆడవాళ్లను ఎంచుకున్నాం. మధ్యాహ్నం గిన్నెలు కడగడం అయ్యాక పిల్లలు వాళ్ల పక్కన కూర్చుని ఫోన్లలో రికార్డు చేసుకున్నారు. మూడు వారాలు ఇదే పని. అభ్యంతరం లేదని సంతకాలు కూడా తీసుకున్నాం.

వాళ్లలో చపాతీలు చేసే అక్క ఒకామె. ఆమె పేరు రాయను. ఒక రాత్రి మొగుడు కొడితే ఇద్దరు పిల్లల్ని తీసుకుని బయటికొచ్చి, పోలీస్‌స్టేషన్ బెంచీ మీద తెల్లారేదాకా కూర్చుందట. అక్కడెవరూ ఫిర్యాదు రాసుకోలేదు. తెల్లారి డ్యూటీకొచ్చి ఎప్పట్లాగే చపాతీలు చేసింది. బియ్యం ఎలా కడగాలో చెప్పినంత మామూలుగా, పది నిమిషాల్లో చెప్పేసింది.

ఆ పది నిమిషాలే మా నాటకానికి చివరి దృశ్యం అయ్యాయి. రిహార్సల్లో ఆ పాత్ర వేసే అమ్మాయి ఒకటికి రెండుసార్లు అడిగింది, “మేడమ్, ఇక్కడ ఏడవాలా?” అని. “ఏడవకపోతే ప్రేక్షకులకు ఎలా అందుతుంది?” అన్నాను నేను. లైటు ఎర్రగా ఉండాలన్నదీ, జుట్టు ముడి విప్పమన్నదీ నేనే.

ప్రదర్శన రోజు అక్క తన తోటివాళ్లతో వచ్చి చివరి వరసలో కూర్చుంది. పదో తరగతి చదివే కూతుర్ని కూడా తీసుకొచ్చింది. అయిపోగానే హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. అక్క పిల్లల దగ్గరికొచ్చి “బాగ చేసిన్రు బిడ్డా” అని, లాస్టు బస్సుకు టైమవుతోందని వెళ్లిపోయింది.

మూడోరోజు టీ తాగుదామని మెస్సుకు వెళ్తే నన్ను పక్కకు పిలిచింది.

“మేడమ్, ఏమనుకోకుండ్రి. ఆ దినం నేను ఏడ్వలే.”

నాకు ఏం చెప్పాలో తోచలేదు. ఆమే చెప్పింది.

“రాత్రంత లెక్కలేసుకుంట కూసున్న. కొంగుల ముడేసిన పైసలెన్ని, పొద్దుగాల ఫస్టు బస్సు ఎన్నింటికి, పిల్లల ఇస్కూలు బ్యాగులు ఇంట్లనే ఉండె, అవెట్ల తెచ్చుకోవాలె, డ్యూటీకి పోకుంటె ఒకరోజు జీతం పాయె. గిదే. ఏడ్చెతందుకు టైమెక్కడిది? మొన్న ఇంటికి పోయినంక మా బిడ్డ అడిగింది, అమ్మా, గంతగనం ఏడ్చినవా అని. దానికప్పుడు ఆరేండ్లు. నేను ఏడ్వంగ అది సూడలే. ఇగ ఇప్పటిసంది గదే యాదికుంటదేమో.”

మెస్సు సూపర్‌వైజరు ఇప్పుడామెను ‘హీరోయిన్’ అని పిలుస్తున్నాడని కూడా చెప్పింది. కానీ ఆమె నన్ను నిలదీసింది దానిగురించి కాదు. కూతురి జ్ఞాపకం గురించి.

ఆమె దగ్గర్నించి మేం ఏం తీసుకున్నాం? కథ అనుకున్నాను మొదట. కాదు, కథ ఆమె ఇచ్చిందే. ఆ రాత్రి ఆమె బుర్రలో నడిచిన లెక్కలన్నీ పారేసి, ఆ స్థానంలో మా కన్నీళ్లు పోశాం. జరిగిన సంఘటన ఆమెది, అందులో పెట్టిన మనసు మాత్రం మాది. ఏడ్చే స్త్రీని చూస్తే జాలిపడొచ్చు. జాలిపడి హాయిగా ఇంటికి పోవచ్చు. లెక్కలేసుకునే స్త్రీని చూస్తే మాత్రం, ఆ లెక్కలో మనమెక్కడున్నామని అడగాల్సి వస్తుంది. ఆమెకొచ్చే జీతం ఎంత, ఒకరోజు రాకపోతే ఎందుకు కోస్తారు, ఆ చపాతీలు తిన్నదెవరు?

స్త్రీ దుఃఖం ఎలా ఉండాలో మన రంగస్థలానికి ముందే తెలుసు. చాలాకాలం స్త్రీ పాత్రలు మగవాళ్లే వేశారు. 1885లో మొదలైన సురభి కుటుంబాల్లో ఆడవాళ్లే ఆడ వేషాలు వేస్తూ వచ్చినా, మొత్తం నాటకరంగం తీరు అది కాదు. సత్యభామ, చింతామణి, మధురవాణి – అందరూ స్థానం నరసింహారావుగారే. ఆయన ప్రతిభను కాదనను. కానీ ఆడది ఇలా నడుస్తుంది, ఇలా అలుగుతుంది, ఇలా ఏడుస్తుంది అనే నమూనా అలా తయారైంది. ఇప్పుడు మా శాఖలో నటించేది అమ్మాయి, నేర్పేది నేను. ఇద్దరం ఆడవాళ్లమే. అయినా మా చేతికి మొదట తగిలింది ఆ పాత నమూనానే.

క్లాసులో ఈ విషయం పెట్టినప్పుడు ఒక కుర్రాడు గట్టిగా వాదించాడు. “మేడమ్, అందర్నీ అడిగి రాస్తే నాటకమే ఉండదు. అగ్నిహోత్రావధాన్లు ఒప్పుకుంటేనే గురజాడ కన్యాశుల్కం రాశాడా?”

తోసేసే మాట కాదది. 1892లో మొదటిసారి ఆడిన ఆ నాటకం వెనక ఒక జాబితా ఉంది. విజయనగరం మహారాజు తీయించిన లెక్కలో మూడేళ్లలో 1034 కన్యాశుల్కం పెళ్లిళ్లు తేలాయని గురజాడ తన ముందుమాటలో రాశారు. ఆ ఆడపిల్లల్ని ఎవరూ అడగలేదు, అడిగే వీలూ లేదు. అయినా ఆ నాటకం రావాల్సిందే. అవధాన్ల అనుమతి అక్కర్లేదు. అలాగే, అక్క తన కథ చెప్పుకోడానికి మొగుడి అనుమతీ అక్కర్లేదు. పైనున్నవాళ్ల గుట్టు బయటపెట్టడానికి వాళ్లనే అడగాలంటే ఆడవాళ్లు నోరు విప్పే రోజే రాదు.

కానీ మేం వేదిక మీద పెట్టింది మాకంటే పైనున్న మనిషిని కాదు. ఆమె చేసిన చపాతీలు తినే పిల్లలూ, ‘మేడమ్’ అనిపించుకునే నేనూ కాగితం పట్టుకుని నిలబడితే ఆమె కాదనగలదా? పోనీ, మనస్ఫూర్తిగానే సంతకం చేసిందనుకుందాం. ఆమె ఒప్పుకున్నది చెప్పడానికి. ఎలా చూపిస్తామో అప్పటికి మాకే తెలీదు, ఆమెకెలా తెలుస్తుంది?

2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చింతామణి నాటకాన్ని నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందని ఆర్యవైశ్య సంఘాలు ఫిర్యాదు చేశాయి. నిషేధాలు నాకు నచ్చవు. అయితే నాకు తోచిందొకటుంది. తమను ఎలా చూపించారో అడగడానికి ఒక సంఘం ఉన్నవాళ్ల మాట సర్కారు దాకా వెళ్తుంది. మా అక్కకు ఉన్నదల్లా టీ కౌంటరు పక్కన రెండు నిమిషాలు.

అయితే ఎవరి కథ వాళ్లే నటించాలా? నేనలా అనుకోను. అక్కను రోజూ ఆ బెంచీ మీద కూర్చోబెట్టడం ఇంకో హింస. ఇంకొకరి ఒంట్లోకి వెళ్లి చూడటమే కదా నటన. అది వద్దంటే మా శాఖకు తాళం వేసుకోవాలి. బ్రెజిల్‌కు చెందిన అగస్టో బోయల్ చేసిన ఫోరం థియేటర్‌లో ప్రేక్షకులు నాటకాన్ని ఆపి, వేదికెక్కి, ఇలా కాదు అలా అని మార్చి చూపించవచ్చు. ఏటా ఆ పాఠం చెబుతాను, పరీక్షలో ప్రశ్న ఇస్తాను. ఆపడానికి అందరికంటే హక్కున్న మనిషిని మాత్రం చివరి వరసలో కూర్చోబెట్టాను. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీలు తమ మాటల్లోనే మాట్లాడతారు. అదీ మా పాఠాల్లో ఉన్నదే. చదివినవాళ్లం, చెప్పేవాళ్లం అయ్యుండీ ఈ పని చేశాం.

ఆ నాటకం యువజనోత్సవాలకు ఎంపికైంది. ఆ దృశ్యం తీసేద్దామని కొందరు, బహుమతి తెచ్చేదే అదని కొందరు. చివరికి పాత్ర వేసిన అమ్మాయే వెళ్లి అక్కను అడిగింది. “తీసెయ్యమంటలేను. లెక్కలేసుకున్నట్టు సూపియ్యిన్రి” అందట అక్క. రెండు మధ్యాహ్నాలు ఆ అమ్మాయిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, కొంగు ముడి ఎలా విప్పిందో, పిల్లలు లేవకుండా పైసలు ఎలా లెక్కబెట్టిందో చూపించింది.

కొత్త దృశ్యంలో ఎర్ర లైటు లేదు. స్టేషన్‌లో ఉండే తెల్లటి లైటే. ఒక స్త్రీ బెంచీ మీద కూర్చుని గొంతు తగ్గించి లెక్కలు వేస్తుంది. పక్కన పిల్లలు నిద్రపోతుంటారు. ఎవరూ లేచి నిలబడలేదు. చప్పట్లు మామూలుగానే వచ్చాయి. ముగింపు తేలిపోయిందన్నారు న్యాయనిర్ణేతలు. బహుమతి రాలేదు. తిరుగు ప్రయాణంలో పిల్లలు ఎవరితో ఎవరూ మాట్లాడుకోలేదు. వాళ్లకొక బహుమతి విలువ ఏమిటో నాకు తెలుసు. రేపు ఉద్యోగం అడగడానికి వెళ్తే చూపించుకునేవి ఆ కాగితాలే. నా తప్పు దిద్దుకోడానికి వాళ్ల కష్టాన్ని ఖర్చుపెట్టానా అని ఇప్పటికీ అనుమానమే.

అక్క ఆ రెండో ప్రదర్శన చూడలేదు. అది వేరే ఊళ్లో జరిగింది, ఆమెకు సెలవు లేదు. కూతురూ చూడలేదు. చూడాల్సిన ఆ ఒక్క మనిషికి మా మొదటి నాటకమే మిగిలింది.

శాఖ వరండాలో నోటీసు బోర్డు పక్కన ఆ పాత ఫోటో పెద్దది చేసి, ఫ్రేము కట్టి పెట్టారు. మారుద్దామని రెండుసార్లు అడిగాను. రెండో ప్రదర్శన ఫోటోల్లో బాగున్నది ఒక్కటీ లేదన్నారు. నేనూ వెతికి చూశాను. నిజమే. ఒక ఆడమనిషి బెంచీ మీద కూర్చుని ఒళ్లోకి చూసుకుంటోంది. చేతిలో చిల్లర ఉందని చెబితే తప్ప తెలీదు.

ఈసారి వార్తాలేఖకు ఆ ఫోటోనే ఇచ్చాను. కింద ఏం రాయాలో అక్కనడిగి రాద్దామని ఆగాను.