పని వచ్చిన చేయి, పేరెక్కని పుస్తకము



మీ ఊరి అమ్మాయి ఒకతె నర్సు చదువు ముగించి ఇంటికి వచ్చినదనుకొనుడి. జనరల్ నర్సింగు అయితే మూడేండ్లు, బి.ఎస్సీ. అయితే నాలుగేండ్లు కష్టపడి చదివినది. పరీక్ష నెగ్గినది. సూది వేయుట, నాడి చూచుట, కాన్పు కనిపెట్టుట ఆమె చేతికి వచ్చినవి. తండ్రి చేసిన అప్పు మాత్రము తీరలేదు. రాష్ట్ర నర్సుల కౌన్సిలులో పేరు నమోదు కొరకు దరఖాస్తు పెట్టినది గాని ధ్రువపత్రము ఇంకను రాలేదు. ఇంతలో పట్టణములోని ఆసుపత్రి యజమాని ఒకడు, “కాగితము సంగతి తరువాత చూచుకొందము, రేపటినుండి రాత్రి డ్యూటీకి రమ్ము” అనుచున్నాడు. ఆమె వెళ్లవచ్చునా?

“పని వచ్చిన తరువాత కాగితముతో పనియేమి?” అని మనలో అనేకులందురు. ఈ మాటను తేలికగా కొట్టివేయకూడదు. నర్సు వృత్తికి గౌరవము తెచ్చిన ఫ్లారెన్సు నైటింగేల్ అమ్మగారే ఒకప్పుడు నర్సుల రిజిస్టరును వ్యతిరేకించిరి. నర్సుకు ముఖ్యముగా కావలసినది మంచి శీలము, దానిని పరీక్ష కొలవజాలదు అనునది ఆమె వాదము. అందులో నిజము లేకపోలేదు. ముద్ర వేసిన కాగితము ఎవరికిని దయ నేర్పదు.

అయినను లోకము ఆమె మాట వినలేదు. 1901లో న్యూజీలాండు, 1919లో బ్రిటను నర్సుల నమోదుకు చట్టములు చేసినవి. మన దేశములో 1926లో మద్రాసు నర్సుల, మంత్రసానుల చట్టము, 1947లో భారత నర్సింగు కౌన్సిలు చట్టము, 2023లో జాతీయ నర్సింగు, మిడ్‌వైఫరీ కమీషను చట్టము వచ్చినవి. ఈ కట్టడి యేల?

రోగి మంచముకడ నిలిచి చూడుడి. జ్వరముతో కన్ను తెరువలేని ముసలమ్మ తనకు సూది వేయు చేతిని పరీక్షింపగలదా? తెల్లని దుస్తులు చూచి నమ్మును, అంతే. “ఈమె చదువు నిజము, పరీక్ష నిజము, తప్పు చేసినయెడల మేము అడుగుదుము, పేరు కొట్టివేయుదుము” అని ఆ ముసలమ్మ పక్షమున చెప్పువారు ఒకరుండవలెను. ఆ మాటయే రిజిస్టరు. అది నేర్పును పెంచదు, నిజమే. నేర్పుగలవారిని జవాబుదారిగా నిలుపును.

“నేను నిజముగా చదివితిని గదా” అని ఆ అమ్మాయి అనవచ్చును. కాని ఏమియు చదువనివాడును అదే మాట చెప్పును. యోగ్యురాలు కంచె సందులోనుండి దూరినయెడల, ఆమె వెనుక అయోగ్యునికిని దారి ఏర్పడును. ఇంకొకటి ఆలోచించుడి. ఆ రాత్రి మందు తారుమారై రోగికి కీడు కలిగినయెడల, పిలిచిన యజమానియే, “ఆమె పేరు నమోదు కాలేదని నాకు తెలియదు” అనగలడు. తక్కువ జీతము లాభము అతనిది, నింద ఆమెది.

అట్లయితే కాగితము వచ్చువరకు చేతులు కట్టుకొని కూర్చుండవలెనా? కాదు. అమెరికాలోని కొన్ని రాష్ట్రములలో, చదువు ముగించినవారు కొంతకాలము నమోదైన నర్సు పర్యవేక్షణలో పని చేయుటకు తాత్కాలికమైన అనుమతి ఇచ్చు పద్ధతి కలదు. ఇచ్చటను ఆమె నియమము ఒప్పినంతమట్టుకు సహాయకురాలిగా, ఆ పేరుతోనే, పెద్ద నర్సు కన్నుల యెదుట పని చేయవచ్చును. నర్సునని సంతకము పెట్టకూడదు. రాత్రివేళ వార్డును ఒంటరిగా తీసికొనకూడదు. రోగి అడిగినయెడల ఉన్నమాట చెప్పవలెను. తప్పు చేతిలో లేదు, లేని పేరు పెట్టుకొనుటలో ఉన్నది.

అయితే భారమంతయు ఆ అమ్మాయి మీదనే మోపుట న్యాయము కాదు. దరఖాస్తును బల్లమీద ఉంచి కదలింపని గుమాస్తాకును, చౌకగా పని చేయించుకొను యజమానికిని ఇందులో పాలు కలదు. మనకును కలదు. ఆమె చదువు ముగించిననాడు మనము చప్పట్లు కొట్టితిమి. ఎదురుచూచు ఈ దినములలో ఆ యింట పొయ్యి వెలుగుచున్నదో లేదో చూచితిమా? అప్పు ఇచ్చినవాడు మన పొరుగువాడే అయితే, రెండు నెలలు ఓపిక పట్టుమని అతనిని అడుగుడి. ఒక బస్తా బియ్యము ఆ యింటికి పంపుడి. ఆకలిగొన్నవానికి నీతి చెప్పుట సులభము. ఆ నీతిని నిలువబెట్టుకొనుటకు చేయి అందించుట మన పని.