బెదరు కుక్కకు తగిన యిల్లు

పెంచిన కుక్కను పరుల యింటికిచ్చుట ధర్మమా యను ప్రశ్న మీకు స్వల్పముగా తోచవచ్చును. నిరుటి దీపావళి పిదప మా యింట నిది స్వల్పము కాకపోయెను.

వీధిలో దొరకిన పిల్లను తెచ్చి పెంచితిమి. రెండేండ్లకును దాని బెదురు పోలేదు. బాణసంచా మ్రోగినచో మంచము క్రింద దూరి అన్నము ముట్టదు. పిల్లలు పరుగెత్తినచో తోక ముడిచి గుర్రుమనును. మేము గద్దించితిమి, అది మా తప్పు. గుర్రుమనుట దగ్గరకు రావలదను హెచ్చరిక. దానిని దండించి మాన్పినచో భయము మానదు, హెచ్చరింపకయే కఱచుట అలవాటగును. తుదకు పెరటిలో గొలుసున కట్టితిమి.

ఇచ్చివేయుదమనగా నేనే అడ్డుపడితిని. ఆశ్రయించిన ప్రాణిని విడుచుట శరణధర్మము కాదంటిని. పిదప యోచింపగా, నేను కాపాడుచున్నది కుక్కను కాదు, "విడువలేదు" అను నా పేరునని తెలిసినది. బసవేశ్వరుడు బోధించిన దయ సకల ప్రాణులను చేర్చుకొనినది. కుక్కచేత వేదము చదివించిన శరణుని కథను బసవపురాణమున విని పొంగిపోవు నేను, నా పెరటిలో వణకుచున్న కుక్కను చూడనైతిని.

విడుచుట వేరు, తగిన చోట నిలుపుట వేరు. తగు కారణము లేక, ఆకలిదప్పులకు గురియగునట్లు జంతువును వదలుటను 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము నేరముగా నెంచినది. రాత్రివేళ మఠము వాకిట వదలి, స్వామివారే చూచుకొందురని పోవుట దాసోహము కాదు.

మొదట నడిగినవాడు గిడ్డంగి కావలికి కోరెను. భయముచే మొఱుగు కుక్కకు కావలి పని మరియొక శిక్ష, ఇయ్యలేదు. తరువాత తోటయింట నున్న వృద్ధదంపతులు ముందుకు వచ్చిరి. అచట చిన్నపిల్లలు లేరు, రాకపోకలు తక్కువ, శాంతమైన ముసలి కుక్క యొకటి కలదు. గుర్రుమనుటను, ఒకనాడు మా పిల్లవాని చొక్కా పట్టుటను దాచక చెప్పితిమి. చెప్పుటకు నోరు రాలేదు, అయినను చెప్పితిమి. టీకాల చీటియు నిచ్చితిమి. సరిపడనిచో మాకే తిరిగి యిచ్చునట్లు మాట తీసికొంటిమి.

నాలుగు ఆదివారములు దానిని వెంటగొని పోయితిమి. ఆ ముసలాయన దాని వంక చూడక, ప్రక్కకు తిరిగి కూర్చుండి రొట్టెముక్కలు విసరెడివాడు. అయిదవ వారము దాని పాత గోనెతో సహా అచటనే యుంచి వచ్చితిమి. మూడు దినములు గాదె చాటుననే యున్నదట.

మొన్న పోయి చూచితిని. ముసలి కుక్క వెనుక బావి దాక వచ్చి, నన్ను చూచి ఆగినది. తోక ముడువలేదు, దగ్గరకును రాలేదు. నేను పిలువలేదు.